ఊసరవెల్లులకి జత కట్టించాలా వద్దా? పిల్లల్ని ఎవరికిస్తాం?

ప్లేనో_నాన్న:

అందరికీ నమస్తే. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. మా అబ్బాయికి పదకొండేళ్ళు, వాడికి ఒక మగ వెయిల్డ్ (తల మీద కిరీటంలా ఉండే జాతి) ఊసరవెల్లి ఉంది, పొద్దున్నే మిస్టింగ్ (నీళ్ళు తుంపర్లుగా చల్లడం), స్కూల్ నుంచి రాగానే మేతకి క్రికెట్లు (కీచురాళ్ళు) వేయడం అన్నీ వాడే చూసుకుంటాడు, నిజంగా బాగా చూసుకుంటాడు. ఈమధ్య మా ఆఫీసులో ఒకాయన ఫ్యామిలీతో ఇండియా వెళ్ళిపోతూ వాళ్ళ ఆడ వెయిల్డ్‌ని కేజ్, లైట్లతో సహా మాకిచ్చేశారు. దానికి ఏడాది దాటింది, 110 గ్రాములుంది, తిండి బాగా తింటోంది. రెండు కేజ్‌లూ వేరే గదుల్లో పెట్టాం, ఒకదానికొకటి కనబడవు.

ఇప్పుడు అసలు విషయం. ఆడదాని పక్కల మీద లేత నీలం మచ్చలు వచ్చాయి. మావాడు వీడియోలు చూసి "నాన్నా, ఇది జతకి రెడీగా ఉంది" అని ఒకటే గోల. పిల్లలు పుడితే రెండు ఉంచుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చేద్దాం అనేది వాడి ప్లాన్, నాకూ కొంచెం ఉత్సాహంగానే ఉంది, లాభం అక్కర్లేదు, మేత ఖర్చు వస్తే చాలు. మా ఆవిడ మాత్రం ఉన్న రెండిటి క్రికెట్ల కీచు శబ్దానికే రాత్రిళ్ళు నిద్ర లేదు, ఇంకో నలభై ఎందుకండీ అంటోంది. పైగా మా అమ్మావాళ్ళు ఏప్రిల్‌లో వస్తున్నారు, ఆరు నెలలుంటారు, మా అమ్మకి గోడ మీద బల్లి కనిపిస్తేనే ఆ గదిలోకి రాదు.

ఇంకో డౌటు, నేను హెచ్1బీ మీద ఉన్నాను, పిల్లల్ని అమ్మితే వీసాకి ఏమైనా ఇబ్బందా? చేసినవాళ్ళుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

టాంపా_తోట:

అన్నా, నేను వెయిల్డ్, పాంథర్ (ఇంకో ఊసరవెల్లి జాతి) రెండిటి పిల్లల్నీ తీశాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు ఒకటి. ఆ ఆడది మీ ఇంటికి కొత్తగా వచ్చింది. ఎంత తెలిసినవాళ్ళు ఇచ్చినా సరే, రెండు మూడు నెలలు క్వారంటైన్‌లో ఉంచి, పెంట తీసుకెళ్ళి వెట్ దగ్గర టెస్ట్ చేయించకుండా మీ మగదాని దగ్గరకి పోనివ్వద్దు. కాక్సిడియా లాంటి పేగుల్లోని పరాన్నజీవులు పైకి ఏమీ కనిపించవు, ఆరోగ్యంగా ఉన్నదానికి అంటించాక వదిలించుకోవడం నరకం. అంటే ఈసారి వచ్చిన నీలం మచ్చల సంగతి ఇక్కడితో అయిపోయింది, తొందర పడాల్సిన అవసరమే లేదు.

రెండోది, నలభై అని మీ ఆవిడగారు అన్నది నవ్వులాటకి కాదు, దాదాపు సరైన లెక్కే. వెయిల్డ్ ఒక్క కాన్పుకి 20 నుంచి 80 దాకా గుడ్లు పెడుతుంది, కడుపునిండా మేపితే ఇంకా పెరుగుతాయి. పాంథర్ అయితే 10 నుంచి 40 మధ్య. పైగా వెయిల్డ్ ఆడది మగదాని వీర్యాన్ని లోపల దాచుకోగలదు, ఒక్కసారి కలిపితే తర్వాతి కాన్పు కూడా మళ్ళీ మగది లేకుండానే పిల్లలు లేచే గుడ్లే రావచ్చు. "ఒక్కసారి చూద్దాం" అనే మాట ఈ జంతువు దగ్గర చెల్లదు.

గుడ్లు పెట్టాక చాలారోజులు హాయిగా ఉంటుంది, అదే మోసం. తడి వర్మిక్యులైట్‌లో (తేమని పట్టి ఉంచే తేలికైన ఖనిజం) డబ్బాలో పెట్టి 80 ఫారన్‌హీట్ దగ్గర చీకట్లో ఉంచితే ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది, మనం చేసేదేమీ లేదు, తిప్పకుండా ఉంటే చాలు. మీరిప్పుడు కలిపినా ఆ పిల్లలు మీ అమ్మగారు ఇండియా ఫ్లైట్ ఎక్కే టైముకి అటూ ఇటుగా బయటికొస్తాయి, ఆ టెన్షన్ పెట్టుకోకండి :)

అసలు పని పిల్లలు లేచాక మొదలవుతుంది. గుడ్డు మీద ముందు చెమట పట్టినట్టు చిన్న చిన్న నీటి బొట్లు వస్తాయి, కొంచెం లోపలికి నొక్కుకుపోతుంది, ఒక చివర నక్షత్రంలా చీలుతుంది. అందులోంచి ముక్కు బయటపెట్టి గంటల తరబడి అలాగే ఉంటుంది, కళ్ళు మాత్రం ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పుతూ. తొందరపడి లాగితే పచ్చసొన సంచి తెగుతుంది, చేతులు కట్టుకుని కూర్చోవాలి. బయటికొచ్చిన పది నిమిషాలకే కొమ్మ పట్టుకుని నడుస్తుంది, పొడవు రెండు మూడు అంగుళాలు. చూసి తీరాల్సిందే, కాదనను.

తర్వాత మేత. మొదటి వారాల్లో ఎగరలేని ఫ్రూట్‌ఫ్లైలు, గుండుసూది తలంత క్రికెట్లు, రోజుకి రెండు మూడు సార్లు. ఫ్రూట్‌ఫ్లై కల్చర్ కొత్తది పెడితే పంటకి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అంటే పిల్లలు లేవకముందే వంతులవారీగా డబ్బాలు పెట్టుకుంటూ పోవాలి, ఒక్క బ్యాచ్ బూజు పట్టిందంటే ఇంటినిండా ఆకలి. రెండు నెలలు దాటాక ఒక్కోటి రోజుకి పది పన్నెండు చిన్న క్రికెట్లు తింటుంది. నలభై పిల్లలంటే రోజుకి నాలుగొందల పైమాటే. వెయ్యి క్రికెట్ల పెట్టె రెండు రోజులు ఆగి మూడో రోజుకి ఖాళీ. వాటన్నిటికీ కాల్షియం పొడి అద్దాలి, క్రికెట్లకి మళ్ళీ కూరగాయల మేత వేయాలి.

మొదట్లో ఐదారింటిని కలిపి ఒక డబ్బాలో ఉంచచ్చు. రెండు మూడు నెలలకల్లా ఒకదాని తోక ఒకటి కొరకడం మొదలెడతాయి, బలహీనమైనది మూలకి చేరి మేత మానేస్తుంది. అప్పుడు ఒక్కోదానికి ఒక్కో కేజ్, ఒక్కో కేజ్‌కి యూవీబీ ట్యూబ్ (ఎండకి బదులు పెట్టే అతినీలలోహిత లైటు). అందుకే కలపకముందే వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: మూడో నెల నిండే రోజుకి మీ ఇంట్లో ఎన్ని కేజ్‌లు పట్టగలవు? ఆ సంఖ్యని మించి ఒక్క గుడ్డు కూడా పొదిగించకండి.

ఇక ఇచ్చేయడం సంగతి. వెయిల్డ్ పిల్లకి మార్కెట్ చాలా తక్కువ. పెట్ షాపులకి పెద్ద ఫారాల నుంచి చవగ్గా దొరుకుతాయి, మీ పిల్లకి పదీ ఇరవై డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇస్తామంటే గొప్ప. మీ పక్కన ఆర్లింగ్‌టన్‌లో ఎన్‌ఏఆర్‌బీసీ అనే సరీసృపాల పెంపకందార్ల షో జరుగుతుంది కదా, ఒకసారి వెళ్ళి టేబుళ్ళ మీద వెయిల్డ్ పిల్లలు ఎన్నున్నాయో, సాయంత్రానికి ఎన్ని మిగిలాయో అబ్బాయికి చూపించండి. నలభై డాలర్లకి పిల్లని కొన్న మనిషి మూడొందలు పెట్టి స్క్రీన్ కేజ్, లైట్లు, మొక్కలు కొనడు. నాకు ఫోన్ చేసినవాళ్ళలో సగంమంది మొదట అడిగింది "పాత చేపల తొట్టిలో పెట్టచ్చా?" అని.

గల్ఫ్‌గాలి:

హ్యూస్టన్ నుంచి. టాంపా అక్క చెప్పింది నిజమే గానీ మరీ అంత భయపెట్టక్కర్లేదు. నలభై గుడ్లు పెడితే నలభై పొదిగించాలని రూలేం లేదు కదా. నేను ఎనిమిది మాత్రం ఉంచుకుని మిగతావి అదే రోజు ఫ్రీజర్‌లో పెట్టేశాను. వినడానికి కఠినంగా ఉంటుంది, కానీ వెయిల్డ్ గుడ్డు బయటికొచ్చేటప్పటికి లోపల పిండం ఇంకా మొదటి దశలోనే ఉంటుంది, గుండె లేదు, నరాలు లేవు, ఆ తర్వాత కూడా నెలల తరబడి పెద్దగా ఎదగదు. వెంటనే పెట్టేస్తే దేనికీ బాధ లేదు, ఆరో నెలలో మనసు మార్చుకుంటేనే పాపం.

ఎనిమిది అయితే చూసుకోవచ్చు. మూడు మాకు తెలిసిన టీచర్ల క్లాసులకి, రెండు మా కొలీగ్‌కి, ముందే మాట తీసుకుని, వాళ్ళ కేజ్ ఫొటో పంపితేనే ఇస్తానని చెప్పి చేశాను. పిల్లాడికి ఇంతకంటే మంచి సైన్స్ పాఠం ఉండదు. పుట్టగానే వెనక కాళ్ళ మడమ దగ్గర చిన్న ముల్లులాంటిది ఉంటే మగది, లేకపోతే ఆడది, మా అమ్మాయి భూతద్దం పెట్టి లెక్క రాసుకునేది.

ఎవరూ అడగకపోయినా చెప్తున్నా, ఆడపిల్లల్ని తీసుకునేవాళ్ళు దొరకడం కష్టం. అందరికీ తల మీద పెద్ద కిరీటం ఉన్న మగదే కావాలి. మిగిలే నాలుగైదు ఆడవి మీ ఇంట్లోనే ఉండిపోతాయనుకుని లెక్క వేసుకోండి.

పెట్‌క్లినిక్_సుధ:

నేను ఎగ్జాటిక్స్ (కుక్కలు, పిల్లులు కాని పెంపుడు జంతువులు) చూసే వెట్ దగ్గర టెక్‌గా పనిచేస్తాను. పిల్లల గురించి ఇద్దరూ చెప్పారు, తల్లి గురించి ఎవరూ అడగట్లేదు, అందుకే రాస్తున్నా.

జత కట్టించినా కట్టించకపోయినా ఆ ఆడది గుడ్లు పెడుతుంది. మగది లేకుండానే పెడుతుంది, కోడి పెట్టినట్టే. మీరు చూసిన లేత నీలం మచ్చలు దానికి ముందు కూడా వస్తాయి. కాబట్టి "బ్రీడ్ చేయట్లేదు, మాకు గుడ్ల గొడవ లేదు" అనుకుని ఊరుకుంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. మా క్లినిక్‌కి వచ్చే ఆడ వెయిల్డ్‌లలో ఎక్కువ కేసులు గుడ్లు లోపలే ఇరుక్కున్నవి, చాలావాటి కేజ్‌లో తవ్వుకోవడానికి మట్టే ఉండదు, అది చోటు వెతుక్కుని వెతుక్కుని గుడ్లు ఆపేసుకుంటుంది. కళ్ళు లోపలికి పోయి, పగటిపూట కళ్ళు మూసుకుని, కేజ్ అడుగున పడుకుని ఉంటే అది ఎమర్జెన్సీ, పొద్దున చూద్దాం అనుకోవద్దు. ఎక్స్‌రే, ఇంజెక్షన్లు, అవసరమైతే ఆపరేషన్, బిల్లు వందల్లోంచి వేలల్లోకి పోతుంది.

చేతిలో ఉన్న మందు ఒకటే, మేత తగ్గించడం. ఎదిగిన ఆడదానికి రోజు విడిచి రోజు మూడు నాలుగు పురుగులు చాలు, బాస్కింగ్ (లైటు కింద ఒళ్ళు వెచ్చబెట్టుకునే చోటు) 80 ఫారన్‌హీట్ దాటనివ్వకండి. అలా ఉంచితే గుడ్ల సంఖ్య బాగా తగ్గుతుంది, కొన్నయితే పెట్టడమే మానేస్తాయి. "బాగా తింటోంది" అని మీరు సంతోషంగా రాశారు చూడండి, వెయిల్డ్ ఆడదాని విషయంలో అది నాకు సంతోషం కలిగించే మాట కాదు. పిల్లల కోసమని బాగా మేపి ఎనభై గుడ్లు పెట్టించిన ఆడవి ఎముకలు మెత్తబడి, దవడ వంగిపోయి మా దగ్గరికొస్తాయి. మగవి ఆరేడేళ్ళు బతికే జాతిలో, వరసగా కాన్పులైన ఆడవి మూడు నాలుగేళ్ళకే పోవడం మామూలు.

ఇంకోటి, పిల్లల్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలున్నారా అని అడగండి. సాల్మొనెల్లా బాక్టీరియా వల్ల అలాంటి ఇళ్ళలో సరీసృపాలు వద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీనే చెప్తుంది. క్లాస్‌రూమ్ అంటే కిండర్‌గార్టెన్ కాకుండా చూసుకోండి, గల్ఫ్‌గాలి గారూ :)

గల్ఫ్‌గాలి:

ఐదో క్లాసు, మిడిల్ స్కూలూ అండి. చేతులు కడుక్కునే బోర్డు కూడా నేనే రాసిచ్చా.

పేపర్‌పులి:

వీసా సంగతి నేను చెప్తా. హెచ్1బీ అంటే స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పని చేయాలి. ఇంట్లో పెంచుకున్నదాన్ని ఒకరికి ఊరికే ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనరు. కానీ ఏటా పిల్లల్ని తీసి, పేజీ పెట్టి, షోలో టేబుల్ తీసుకుని అమ్మడం మొదలెడితే అది వ్యాపారంలా కనబడుతుంది. మీ ఆవిడ హెచ్4 (భాగస్వామి వీసా) మీద, ఈఏడీ (పని చేసుకునే అనుమతి) లేకుండా ఉంటే ఆవిడ పేరు మీద చేద్దాం అనే తెలివి కూడా పనికిరాదు. గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఇన్నేళ్ళు నిలబడి ఊసరవెల్లి పిల్లల కోసం రిస్క్ ఎందుకు, డబ్బు తీసుకోవాలనుంటే ముందు లాయర్‌ని అడగండి.

కూకట్‌పల్లి_కిరణ్:

మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. మా హైదరాబాద్‌లో కూడా ఇవి పెంచచ్చా? మా ఊళ్ళో చింతచెట్ల మీద చిన్నప్పుడు బోలెడు చూసేవాళ్ళం. వాటిని తెచ్చి జత కట్టిస్తే?

పెట్‌క్లినిక్_సుధ:

కిరణ్ గారూ, మన ఊరి ఊసరవెల్లి జోలికి అస్సలు పోకండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది రక్షిత జీవి, పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం అన్నీ నేరమే. వెయిల్డ్, పాంథర్ లాంటి బయటి దేశాల జాతులు సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, చట్టానికి 2022లో చేసిన సవరణతో అలాంటి వాటిని కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి, పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చచ్చిపోయినా తెలపాలి. కాగితాల్లేకుండా ఎవరైనా టెలిగ్రామ్‌లో అమ్ముతుంటే కొనకండి. మీ ఊళ్ళో రోడ్డు దాటుతూ కనిపిస్తే ఒక కొమ్మ అందించి అటు పక్క చెట్టుమీద వదిలేయండి, జనం రాళ్ళేసి చంపకుండా చూస్తే అదే పెద్ద సాయం.

టాంపా_తోట:

వదిలేయడం మాట వచ్చింది కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. మిగిలిపోయిన పిల్లల్ని పెరట్లో వదలాలనే ఆలోచన కూడా రానివ్వకండి. మా ఫ్లోరిడాలో వెయిల్డ్‌లు చాలాచోట్ల అడవి జంతువుల్లా స్థిరపడిపోయాయి. కొంతమంది కావాలనే చెట్ల మీద వదిలి, పిల్లలు పెట్టాక రాత్రిపూట టార్చిలైట్లతో ఏరుకుని అమ్ముకుంటారు, రాత్రి నిద్రపోయేటప్పుడు ఒళ్ళు పాలిపోయి లైటు పడగానే మెరుస్తాయి కాబట్టి దొరకడం తేలిక. హవాయిలో 1972లో వదిలిన జాక్సన్స్ ఊసరవెల్లులు ఇప్పటికీ అక్కడి పురుగుల్నీ నత్తల్నీ తింటూనే ఉన్నాయి. మీ టెక్సస్‌లో చలికి బతకవులే అనుకుంటారేమో, అంటే చలికి చస్తాయని తెలిసి వదలడమేగా అది.

షిప్పింగ్ గురించి కూడా ఆలోచించండి. మీరు చెప్పిన టైముకి కలిపితే పిల్లలు ఇవ్వడానికి సిద్ధమయ్యేది నడి చలికాలం. ఓవర్‌నైట్ పార్సిల్‌లో హీట్‌ప్యాక్ పెట్టినా, ఐస్ స్టార్మ్ వచ్చి ఫెడెక్స్ హబ్ ఉన్న మెంఫిస్‌లో ఫ్లైట్ ఆగిందంటే చచ్చిన పిల్ల డెలివరీ అవుతుంది. కారులో వెళ్ళి ఇవ్వగలిగినంత దూరంలో ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

ప్లేనో_నాన్న:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇదంతా మావాడి పక్కన కూర్చుని చదివాం. కేజ్‌ల లెక్క వాడే వేశాడు, గ్యారేజీ కూడా కలుపుకుంటే నాలుగు అని తేల్చి, అందులో రెండు మనమే ఉంచుకుంటాం కాబట్టి బయటివాళ్ళకి రెండేనా అని మొహం వేలాడేశాడు. సుధ గారు రాసింది చదివాక మాత్రం వాడే "దాని దవడ వంగిపోతే నాకొద్దు" అన్నాడు. కాబట్టి ఇప్పటికి జత కట్టించట్లేదు. వాడికి పిల్లని పెంచాలనే సరదా అలాగే ఉంది, దానికేమన్నా దారి ఉంటే చెప్పండి. మేత మీరు చెప్పినట్టు తగ్గించాం, గురువారం పెంట టెస్టుకి అపాయింట్‌మెంట్ తీసుకున్నా.

సుధ గారూ, మరి ఇప్పుడు గుడ్లు పెట్టడానికి చోటు ఎలా చేయాలి? దాని పొట్ట రెండు పక్కలా కొంచెం ఉబ్బెత్తుగా కనబడుతోంది, నిన్నటి నుంచి కేజ్ అడుగున తిరుగుతోంది.

గల్ఫ్‌గాలి:

సరదాకి దారి ఉంది అన్నా. సరీసృపాల రెస్క్యూ వాళ్ళ దగ్గర జనం వదిలేసిన వెయిల్డ్‌లు ఎప్పుడూ ఉంటాయి. చిన్నదాన్ని ఒకదాన్ని తెచ్చుకోండి, ఆ రెండు కేజ్‌ల్లో ఒకటి నిండుతుంది.

పెట్‌క్లినిక్_సుధ:

అడుగున తిరుగుతోందంటే ఈరోజే పెట్టండి, రేపటిదాకా ఆగొద్దు. అడుగు లోతుండే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, హోమ్ డిపోలో దొరికే ప్లే సాండ్ కడిగి నింపండి. వేలితో సొరంగం చేస్తే కూలిపోకుండా నిలబడేంత తడి ఉండాలి, అడుగున నీళ్ళు నిలవకూడదు. మధ్యలో మీరే ఒక చిన్న గుంట మొదలుపెట్టి వదిలేయండి, పైనుంచి ఒక కొమ్మ దించితే దిగుతుంది. కేజ్ చుట్టూ దుప్పటి కప్పేయండి, తవ్వేటప్పుడు మనిషి కంటబడితే ఆపేసి పైకెక్కేస్తుంది, మళ్ళీ దిగదు. అబ్బాయికి చూడాలనుంటే పాత ఫోను కెమెరా లోపల పెట్టండి. ఒక్కోసారి రాత్రంతా సొరంగంలోనే ఉండిపోతుంది, కదిలించద్దు. గుడ్లు పెట్టాక వెనక్కాళ్ళతో మట్టి తోసి, తొక్కి చదును చేసి, ఒళ్ళంతా ఇసుకతో సన్నబడి పైకొస్తుంది, అప్పుడు వెంటనే చాలాసేపు మిస్టింగ్ చేసి నీళ్ళు తాగించండి, ఆ రెండు మూడు రోజులు మాత్రం కాల్షియం అద్దిన పురుగులు కడుపునిండా పెట్టచ్చు. శనివారానికి కూడా పెట్టకుండా నీరసంగా కనిపిస్తే నాకు మెసేజ్ చేయండి, డాలస్‌లో వీకెండ్ కూడా ఎగ్జాటిక్స్ చూసేవాళ్ళ నంబర్ ఇస్తాను.